మొదటి పిలుపుకే ఆయ్ అన్నాను

దెయ్యాల కథలంటే నాకు చిన్నప్పటినుంచీ చిన్నచూపు. ఊళ్ళో ఎవరు మొదలుపెట్టినా, "గాలికి కొబ్బరిమట్ట ఊగుంటుందండీ" అని మధ్యలోనే కొట్టిపారేసేవాడిని. అలాంటి నేను చెబుతున్నానంటే కాస్త ఆలోచించండి. ఇది జరిగింది. నాకే జరిగింది. ఆ రోజు వేసుకున్న బూట్లు ఇప్పటికీ మా అటకమీద ఉన్నాయి. ఉప్పు తెల్లగా పేరుకుపోయి. నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు...

మాది రాజోలు దగ్గర గోదావరి గట్టునానుకున్న ఊరు. నాకు కోచింగులు, ట్యూషన్లు లేవు. ఉన్నదల్లా గ్రంథాలయం. అందులో సగం పుస్తకాలు చెదలు తిన్నాయి, మిగిలిన సగం నేను తిన్నాను. చంద్రుడు సముద్రాన్ని ఎలా లాగుతాడో, శబ్దం గాలిలో ఎలా వంగుతుందో, అన్నీ అట్టలూడిన పుస్తకాల్లోంచి నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఆ చదువు పుణ్యమా అని ఐర్లాండు వెళ్ళాను. చేపలు, రొయ్యలు పాడవకుండా నిల్వచేసే పద్ధతుల మీద ఒక ఏడాది కోర్సు. పడమటి తీరంలో చిన్న ఊరు. అందమైన చోటు, అందులో అనుమానం లేదు. పచ్చటి కొండ నడుచుకుంటూ వచ్చి తిన్నగా సముద్రంలోకి దిగిపోయినట్టుంటుంది. రాతిగోడల మధ్య గొర్రెలు. ఎప్పుడూ సన్నటి వాన. మనిషి మాత్రం కనపడడు.

నాతో పాటు ఆ ఇంట్లో ఉన్నది ఒక్కడే. ఒబులేసు. కడప జిల్లావాడు. మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. నేను మాటకి ముందొకటి వెనకొకటి ‘ఆయ్’ అంటానని వాడికి నవ్వు. మా కోనసీమలో అంతే కదా. ఎవరు పిలిచినా ఆయ్, ఏం చెప్పినా ఆయ్. అది అవును అనడమూ కాదు, కాదు అనడమూ కాదు. నేనున్నాను, వింటున్నాను అని.

"ఏమప్పా ఆయ్ గారూ, అన్నమైందా?" అనేవాడు పొద్దున్నే. నన్ను అలాగే పిలిచేవాడు. నా పేరు ప్రసన్న అని వాడికి కోపం వచ్చినప్పుడే గుర్తొచ్చేది.

ఇంకో సంగతి. మా అమ్మ వీడియో కాల్ చేసినప్పుడల్లా నన్ను ఇంట్లో పిలుచుకునే పేరుతో పిలుస్తుంది. బాబ్జీ అని. ఆ పేరు ఆ దేశంలో తెలిసింది ఒబులేసుకి ఒక్కడికే. అమ్మ మాట తీరు కూడా వాడు అచ్చంగా దింపేసేవాడు. "బాబ్జీ, పెరుగేసుకున్నావా నాన్నా" అని. అమ్మే ఫోన్లో విని నవ్వేది. ఇది గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోలేకపోతున్నది ఇదే.

ఆ ఊరి ముందు సముద్రంలో చిన్న లంక ఉంది. పాటు సమయంలో నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఇసకమీద నడిచి వెళ్ళిపోవచ్చు. దారి తప్పకుండా వరసగా స్తంభాలు పాతారు. పోటు వస్తే దారీ ఉండదు, ఇసకా ఉండదు. ఒబులేసుకి ఆ లంక మీద ఫోటో దిగాలని కోరిక. నీళ్ళంటే భయం. రెండూ ఉన్నాయి.

"నాకు ఈత రాదప్పా. మా ఊర్లో బాయిలో గూడా నీళ్ళుండవు, యాడ ఈదేది?"

"నేనున్నాను కదా. గోదారోడిని. అంతర్వేదిలో పోటు, పాటు చూస్తూ పెరిగినవాడిని," అన్నాను. "ఒడ్డుకి చేర్చే పూచీ నాది."

ఆ మాట నేనే అన్నాను. వాడు నమ్మి వచ్చాడు.

వెళ్ళాం. ఫోటోలు దిగాం. తిరిగి బయలుదేరేటప్పటికి నీళ్ళు రావడానికి ఇంకా బోలెడు వ్యవధి ఉంది. సాయంత్రంపూట దెయ్యమేమిటి అనుకోవద్దు. డిసెంబరు అది. అక్కడ టీ తాగే వేళకే చీకటి పడిపోతుంది. పడింది కూడా...

సగం దారిలో ఒబులేసు ఆగాడు. "నువ్వు పోతా ఉండు, ఎనక వస్తా," అన్నాడు. చలికి పాపం, ఒంటికి వెళ్ళాల్సొచ్చింది. నేను ఒకటి రెండు స్తంభాలు ముందుకి నడిచి నిలబడ్డాను.

అప్పుడు దిగింది మంచు.

మన వైపు సంక్రాంతి ముందు పొద్దున్నే పట్టే మంచు కాదు. అది కదులుతుంది. ఇది కదలలేదు. ఒక గుడ్డ తెచ్చి మొహం మీద కప్పినట్టు. వెనక్కి తిరిగాను. ఒబులేసు లేడు. పక్కనున్న స్తంభం లేదు. నా చెయ్యి చాపితే వేళ్ళు మసకగా ఉన్నాయి. సముద్రం చప్పుడు కూడా ఆగిపోయింది. నా ఊపిరి నాకు వినిపిస్తోంది. అంతే.

అప్పుడు...

"బాబ్జీ."

ఎడమవైపునుంచి. సముద్రం ఉన్న వైపునుంచి.

"ఆయ్," అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. మన నోటికి అలవాటు. పిలిచారు, పలికాను. పలికిన తర్వాత గుర్తొచ్చింది. ఒబులేసు నన్ను ఎప్పుడూ బాబ్జీ అని పిలవడు. అమ్మని దింపేటప్పుడు తప్ప. అంటే వెధవ వేషాలు మొదలుపెట్టాడన్నమాట.

"ఒబులేసూ, వేళాకోళాలకి ఇదా చోటు? ఇటు రా," అని అరిచాను.

తర్వాత అటునుంచే, మెల్లిగా...

"ఆయ్..."

సాగదీసి అన్నాడు. మా నాన్న అన్నట్టు, నేను అన్నట్టు. కడపవాడి నోట అంత బాగా పలికిందేమిటా అని నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టుకుని రెండు తగిలిద్దామని అటు నడిచాను. స్తంభాలు వదిలేసి. గట్టిపడ్డ ఇసక కాస్తా మెత్తబడింది. ప్చక్, ప్చక్ మని నా అడుగుల చప్పుడు.

"ఎక్కడరా?"

"ఆయ్..."

ఇంకొంచెం దూరంలో. నేను ఎంత నడిస్తే అంత దూరం జరుగుతోంది.

బూటులోకి చల్లగా ఏదో దిగింది. నీళ్ళు. ఆ తీరంలో పోటు అల కట్టి రాదు. ఇసకలో పల్లం వెతుక్కుంటూ చప్పుడు లేకుండా వచ్చి, మన వెనక కూడా చేరిపోతుంది. ఇంత త్వరగా రాకూడదే అనుకున్నాను. నిలబడిపోయాను.

నీళ్ళు పాదాలు దాటాయి. చీలమండలు దాటాయి.

అప్పుడు మా నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఆవిడ రోజూ మోకాళ్ళూని ప్రార్థన చేసుకునే మనిషి. అయినా ఒక్క సంగతి మాత్రం మా అందరికీ నూరిపోసింది. చీకటిపడ్డాక ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకొద్దురా అనేది. "దేవుడైతే మళ్ళీ పిలుస్తాడు. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు. మళ్ళీ పిలవనిది వేరే. నువ్వు పలికేవా... నీ గొంతు పట్టుకుపోద్ది."

గొంతు పట్టుకుపోవడమేమిటి నాయనమ్మా, నువ్వు చదువుకోలేదు కాబట్టి అలా అంటున్నావు అని నవ్వేవాడిని.

నిలబడి ఆలోచించాను. బాబ్జీ అని పిలిచింది ఒక్కసారే. మళ్ళీ పిలవలేదు. ఆ తర్వాత అటునుంచి వచ్చిన మాట ఒక్కటే. నేను పలికిన మాట.

అంతలో వెనకనుంచి, కుడివైపున, ఏడుపు గొంతు.

"ప్రసన్నా... యాడుండావురా... ఆయ్, ఆయ్ అంటావు, కనపడవేమి... నాకు మోకాళ్ళకాడికి వచ్చినాయి నీళ్ళు..."

ఎడమవైపు ఒకటి. కుడివైపు ఒకటి. ఒబులేసు ఒక్కడే కదా ఉండాలి. ఏది వాడు? ఒక వైపు వెళ్తే రెండో వైపు వాడు నీళ్ళలో ఉండిపోతాడు. ఈత రానివాడు. పూచీ నాది అన్నవాడిని నేను.

ఏం తోచిందో తెలియదు. "ఒబులేసూ, నన్ను తిట్టరా," అని అరిచాను.

"ఏందీ?"

"తిట్టరా. ఆపకుండా తిట్టు."

"నీ తలకాయ పగల. నీ యవ్వారం మండిపోను. సముద్రం చూపిస్తానని తోడకచ్చి, దున్నపోతా, నీకు గోదారి కావాల్నా, నీ మొగానికి మురిక్కాలవ చాలదా..."

ఆ తిట్లు ఎవరివల్లా కాదు. ఏ గాలికీ రావు. ఆ తిట్లు పట్టుకుని కుడివైపుకి పరుగెత్తాను. వెనకనుంచి, నా వీపుకి బాగా దగ్గరగా, ఇంకోసారి వినిపించింది. తొందరేమీ లేనట్టు. వింటున్నానులే అన్నట్టు.

"ఆయ్..."

తిరగలేదు. తిరిగి చూడలేదు. అది మాత్రం ఒప్పుకుంటాను.

ఒబులేసు స్తంభానికి దూరంగా, తొడల్లోతు నీళ్ళలో ఉన్నాడు. చెయ్యి పట్టుకున్నాను. నిజమైన చెయ్యే. ఆ నీళ్ళలోనే వెతుక్కుంటూ ఒక స్తంభం, ఆ తర్వాత ఇంకోటి. ఎలా ఒడ్డెక్కామో చెప్పలేను. ఊళ్ళో దీపాలు కనపడ్డాక ఇద్దరం అక్కడే గడ్డిమీద కూలబడిపోయాం.

ఇంటికెళ్ళి హీటరు ముందు కూర్చున్నాక వాడు మొదట అడిగింది ఇది.

"ఎందుకురా అట్ల చేసినావు?"

"నేనా? నువ్వే కదా మా అమ్మలా బాబ్జీ అని పిలిచింది."

"నేను పిలిచింది ప్రసన్నా అని. పిలిచినపుడల్లా ఆయ్ అన్నావు. సముద్రం పక్కనుంచి. నువ్వు ఆడుండావని ఆ పక్కకే వచ్చినా. స్తంభం కాడ్నుంచి కదిలేవాడినే కాదు నేను."

"నేను ఒక్కసారే అన్నాను రా. ఒక్కసారి."

"పదిసార్లన్నావు. నీ గొంతు నాకు తెలీదా? రోజూ ఎక్కిరిస్తా ఉండేవాడిని."

నేను చెప్పింది వాడు నమ్మలేదు. వాడు చెప్పింది నేను నమ్మలేదు. నాకు ఒకటే అనుమానం... భయపడిన తర్వాత తప్పు కప్పుకోవడానికి ఇలా అంటున్నాడని. వాడికి కూడా అదే అనుమానం నా మీద. ఆ తర్వాత ఒకే పొయ్యి మీద ఎవరి అన్నం వాళ్ళు వండుకున్నాం. ఆయ్ గారూ అని పిలవడం మానేశాడు. కొన్నాళ్ళకి వేరే ఇల్లు చూసుకున్నాడు. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఒక్క మాట అన్నాడు.

"నీకు ఈతొచ్చు. నాకు రాదని నీకు తెలుసు. తెలిసీ నీళ్ళల్లోకి పిలిచినావు సూడు... అదప్పా."

చదివినవాడిని కాబట్టి వెతికాను. అక్కడి లైబ్రరీలో కూడా కూర్చుని వెతికాను. నీళ్ళమీద చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి ఉంటే శబ్దం పైకి పోకుండా వంగి కిందికే వస్తుంది. ఎక్కడి మాటో ఎక్కడో వినిపిస్తుంది. భయంలో చెవి సొంత పేరునే పోల్చుకుంటుంది. ఇవన్నీ నిజాలే. నా ఆయ్ వాడికి సముద్రం వైపునుంచి వినపడి ఉండవచ్చు. కానీ ఒక్కసారి అన్న మాట అన్నిసార్లు ఎలా వంగుతుంది? వాడు తిడుతున్నప్పుడు నా వీపు వెనక ఆయ్ అన్నది ఎవరు? తిట్టుకీ తిట్టుకీ మధ్య వాడే అని ఉంటాడా... రెండూ ఒకేసారి విన్నానా, ఒకదాని తర్వాత ఒకటా? ఒట్టు వేయమంటే వేయలేను.

కోర్సు అయ్యాక వచ్చేశాను. ఇప్పుడు పి.గన్నవరం దగ్గర రొయ్యల కంపెనీలో ఉద్యోగం. చీకటిపడ్డాక ఎవరు పిలిచినా మూడో పిలుపుదాకా పలకను. పలికినా "చెప్పండి" అంటాను. ఆయ్ అనను. ఊళ్ళో వాళ్ళకి ఇది మరోలా కనపడింది.

"ఫారిన్ నీళ్ళు వంటబట్టాయండీ మావాడికి," అంటాడు మా బాబాయి గారు పదిమందిలో. "మూడుసార్లు పిలిస్తేగానీ పలకరు దొరగారు. ఆయ్ అంటే నామోషీ."

అననిచ్చాను.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. నేను వీధి అరుగుమీద కూర్చున్నాను. ఎదురుగా ఏటిగట్టు. గోదావరి నిండుగా ఉంది కానీ కనపడటం లేదు. పెరట్లోంచి అమ్మ పిలిచింది.

"బాబ్జీ."

ఊరుకున్నాను.

"బాబ్జీ, కొవ్వొత్తి తేరా."

అమ్మే. తెలుస్తూనే ఉంది. అయినా మూడోసారి పిలవనీ అని కూర్చున్నాను.

మూడోసారి పిలవలేదు. కాసేపటికి తడుముకుంటూ తనే వీధిలోకి వచ్చింది.

"ఏరా, ఇక్కడే కూచున్నావా? పలికేవు కదా, మరి రావేంటి?"

"నేను పలకలేదమ్మా."

"ఆయ్ అన్నావు కదరా. ఎన్నాళ్ళకో అన్నావని నేను సంబరపడ్డాను."

మా ఊళ్ళో ఆయ్ అనని మనిషి లేడు. గట్టుమీద ఎవరో ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళి ఉండొచ్చు. అది అమ్మకి నా గొంతులా వినపడి ఉండొచ్చు. పొరుగింటివాళ్ళు కావచ్చు. అందరినీ అడిగాను. ఎవరూ గుర్తులేదన్నారు. రోజుకి ఎన్నిసార్లు అంటామో, ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ అన్నారు.

ఆ రాత్రి ఒబులేసు నంబరుకి ఫోన్ చేశాను. చాలా రోజుల తర్వాత. ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపలే అడిగాడు.

"ఎవరూ?"

ఏమని పలకాలో నాకు తెలియలేదు...