వేడినీళ్లు పారిన రాయి

మీ పొలంలోంచి తీసిన రాయి ఏం చెప్పిందో మీకు తెలియనక్కర్లేదా? తిరుపతిలో మా వీధిలో బోరు వేస్తే లేచే తడి రాతిపొడి వాసన నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

నా చిన్నతనంలో కుప్పం దగ్గర ఎండిపోయిన మా వేరుశనగ చేనులో బంగారం వెతికే పరిశోధకులు యంత్రంతో నేలను తొలిచి రాతి కడ్డీలు తీశారు. ఒకాయన తెల్లటి చారను చూపి, కోట్ల ఏళ్ల కిందట రాతి పగుళ్లలో పారిన వేడినీళ్లే అక్కడ బంగారాన్ని వదిలి ఉండవచ్చన్నాడు. నాకు నీళ్లొక్కటే అర్థమైంది.

"నాయనా, మన చేన్లో నీళ్లుండాయంట!"

నాయన బిందెతో పరుగెత్తుకొచ్చాడు. "నీళ్లు యాడ పడినాయి సార్?"

"కోట్ల ఏళ్లు ఆలస్యంగా వచ్చినావప్పా!" అని ఆయన నవ్వాడు.

బంగారముంటే మా నేల పోతుందా అని నాయన అడుగుతుండగానే వాళ్లు రాళ్లు తీసుకుని వెళ్లిపోయారు.

"పోయే నేలకు బోరెందుకు పాపా?" అంటూ నాయన వేయాలనుకున్న బోరు మానుకుని ఆ చేనును బీడు పెట్టేశాడు.

శాస్త్రం తప్పు చెప్పలేదు. ఆ రాళ్లలో ఏం తేలిందో మాకు చెప్పనే లేదు. మీ నేలను తవ్వేవారిని, ఫలితం మీ ఊరి సభలో తెలుగులో చెప్పి తీరాలని నిలదీయండి.