దిబ్బెరువు ముగ్గు

ఒమాన్‌లోని ఈ ఇబ్రాలో తెల్లవారడం తొందరపడి జరిగే పని కాదు. ముందు కొండలు నల్లగా కనబడతాయి. కాసేపటికి బూడిదరంగులోకి వస్తాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగని సమయంలో నేను కారు తుడుస్తాను. సగం నిద్రలో ఉంటాను కాబట్టి ఇక్కడ కారు తుడుస్తున్నానో, రాయచోటిలో మా నాయన లారీ తుడుస్తున్నానో నాకే సరిగా తెలియదు. ఒకరోజు ఆ మసకలోనే, ఇంటి వెనక గడ్డిమడిలో, పొడుగు గౌను వేసుకుని స్కార్ఫు నడుముకు బిగించిన ఒక ఆడమనిషి వంగి నడుస్తూ కనిపించింది. వంగుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, మళ్లీ వంగుతుంది. కలేమో అనుకున్నాను. కల అయితే పక్క దిబ్బలోని పచ్చిపేడ వాసన అంత రాదు.

ఆమె గురవమ్మక్క. ఆ ఇంట్లో నేను డ్రైవర్ని, ఆమె పనిమనిషి. ఆమెది లక్కిరెడ్డిపల్లె దగ్గర. మా ఊళ్ల మధ్య బస్సు ప్రయాణం గంట కూడా ఉండదు, కానీ కలుసుకోవడానికి ఇద్దరం సముద్రం దాటాల్సి వచ్చింది. నన్ను జిలానీ అని పిలుస్తుంది, కోపం వస్తే నాయనా అంటుంది. నేను ఆమె చేత ఎక్కువగా నాయనా అనిపించుకునే రకం.

ఇల్లు అజీజా అనే పెద్దావిడది. ఇక్కడ యజమానురాలిని పిలిచినట్టే మేం ఆవిడను మామ అంటాం. మోకాళ్లు అరిగిపోయి నాలుగడుగులకు మించి నడవలేదు. కొడుకు హిలాల్, మాకు అర్బాబ్, అంటే యజమాని, మస్కట్‌లో ఉద్యోగం చేస్తాడు, శుక్రవారం వచ్చి శనివారం పోతాడు. మిగతా రోజుల్లో ఆవిడకు తోడు ఒక ఆవు. దాని పేరు మబ్రూకా. పొట్టిగా, ఎర్రగా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టుండే ఆవు. ఆ ఇంట్లోనే పుట్టింది. పొద్దున్నే గురవమ్మక్క కుర్చీ తీసుకెళ్లి కొట్టం ముందు వేస్తే, అజీజా అందులో కూర్చుని ఆవుతో మాట్లాడేది. కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి, కొడుకు ఫోన్ చేయని సంగతి, చచ్చిపోయిన మొగుడు కలలోకి వచ్చి ఏం తిన్నాడన్న సంగతి. మాతో చెప్పని మాటలన్నీ దానికి చెప్పేది. మబ్రూకా నెమరువేస్తూ వినేది. మధ్యలో లేచిపోని శ్రోత ఎవరికి దొరుకుతుంది?

ఆవు మేసేది ఆ వెనక మడిలోని రోడ్స్ గడ్డి. ఈ వేడికి తట్టుకుంటుందని ఒమాన్‌లో చాలామంది వేసుకుంటారు. కోస్తే మళ్లీ మళ్లీ చిగురుస్తుంది, కాకపోతే దానికీ తిండి పెట్టాలి. తోట చూసుకునే అక్బర్ ఉన్నన్నాళ్లూ బస్తాలోంచి తెల్ల ఎరువు తీసి చల్లేవాడు. వాడు లాహోరు వెళ్లిపోయాడు. బస్తా ఖాళీ అయింది. గడ్డి పలచబడి, పసుపురంగుకు తిరిగింది. ఆవు దాన్ని నమిలేటప్పుడు కూడా మర్యాద కోసం నములుతున్నట్టుండేది.

ఒక శుక్రవారం హిలాల్ మడి గట్టు మీద నిలబడి చూసి, తల్లి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఎండుగడ్డి ఎన్నాళ్లని కొనమంటావు? ఇప్పుడు కోసిన తర్వాత గడ్డి బాగా వస్తే సరే. రాకపోతే ఆవును అమ్మేద్దాం. ఇక్కడ టైల్స్ వేయించుకుంటే నీకు నడవడానికి కూడా బాగుంటుంది" అన్నాడు.

చెడ్డవాడు కాడు. నడవలేని తల్లికి నడవడానికి టైల్స్ వేయిస్తానన్నాడు, అంతే. అజీజా మర్నాడు పొద్దున కొట్టం ముందు కూర్చుంది కానీ ఆవుతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దాని మెడ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. మబ్రూకా రెండుసార్లు తిరిగి చూసింది. ఆ తర్వాతి రోజుల్లోనూ ఆవిడ దానితో మాట్లాడలేదు.

గురవమ్మక్క గిన్నెలు తోముతూ రుసరుసలాడింది. "అంత దిబ్బ పెట్టుకోని ఎరువు ల్యాదంటారేంది జిలానీ ఈళ్లు?"

కొట్టం వెనక పేడదిబ్బ ఉంది. అక్బర్ దాన్ని చెత్త కింద లెక్కకట్టి ఒక మూలకు నెట్టేవాడు. పైన పచ్చిపేడ, ఈగలు. అక్క పారతో పక్కనుంచి తవ్వింది. లోపల నల్లగా, పొడిపొడిగా, మంచి మట్టిలాంటి ఎరువు బయటపడింది. పిడికెడు తీసి వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టింది.

"మాగిన దిబ్బెరువు. వాసనుండాదా? ల్యాదు. పచ్చిది ఏస్తే గడ్డి మాడిపోతాది, ఆవు మూతి గూడా పెట్టదు. ఇది అట్ల గాదు."

అజీజాను అడిగి చెప్పమంది. అడిగాను. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏదైనా చేయండి అన్నట్టు చెయ్యి ఊపింది.

ఇక్కడ గురవమ్మక్క చేతుల గురించి చెప్పాలి. పుట్టింట్లో ఆమెకు పెద్ద వాకిలి ఉండేదట. ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేయడం చిన్నప్పటి నుంచీ ఆమె పనే. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ చెయ్యెత్తకుండా గీత తిప్పుకొచ్చే మెలికల ముగ్గుల్లో ఆమెను మించినవాళ్లు ఆ వీధిలో లేరని ఆమే చెప్పింది, నేను నమ్మాను. పెళ్లయ్యాక కడపలో ఒంటిగది కాపురం. తలుపు తీస్తే సిమెంటు మురికికాలువ. వాకిలే లేదు. మొగుడు పోయాక ఈ దేశం వచ్చింది. ఇక్కడ ఇంటి ముందు మా ఊరి బడి అంత ఆవరణ ఉంది, కానీ అంతా టైల్స్. వచ్చిన వారంలో గేటు దగ్గర పిండితో చిన్న ముగ్గు పెట్టింది. హిలాల్ చూసి, ఈ గీతలేమిటో తుడిచేయమని నాతో చెప్పించాడు. ఆమె తడిగుడ్డతో తుడిచేసింది. ఆ రోజు నన్ను జిలానీ అనీ పిలవలేదు, నాయనా అనీ పిలవలేదు.

సరే, గడ్డి కోశాం. మోళ్లు మాత్రం మిగిలాయి. అక్క ఎరువును పాత జల్లెడలో పట్టి మెత్తటి పొడి చేసింది. మాగింది కొంచెమే ఉంది, మడి పెద్దది. చేటలో వేసుకుని మడంతా పలచగా విసరాలి. ఈ సంగతి నాకే తెలిసినప్పుడు ఆమెకు తెలియదా? కానీ ఆ మసకలో, కొండలు ఇంకా బూడిదరంగులో ఉండగా, పిడికెడు పొడి చేతిలోకి వచ్చేసరికి ఆమె వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. చూపుడువేలు, బొటనవేలు మధ్య నుంచి పొడి సన్నగా జారింది. చుక్క, చుక్క, చుక్క. తర్వాత గీత. వంగడం, ఒక అడుగు వెనక్కి వేయడం, మళ్లీ వంగడం. ఎంతసేపు గీసిందో ఆమెకూ తెలియదు, చూసిన నాకూ తెలియదు. కారు మీద నీళ్లు ఎండిపోయి మరకలు కట్టాయి.

దగ్గరికి వెళ్లి చూస్తే చేట ఖాళీ.

"అక్కా, ఎరువేసినావా, ముగ్గేసినావా?" అన్నాను.

ఆమె తలెత్తి, అప్పుడే నిద్ర లేచినదానిలా మడి వైపు చూసింది. "చెయ్యి పోయిన దావన పోయింది నాయనా" అంది.

చేసిందేదో చేసింది. దాని మీద ముందు చేత్తో నీళ్లు చిలకరించింది. ఎరువు నాని నేలకు కరుచుకున్నాక, ఊరికాలువలో మా వంతు వచ్చినప్పుడు నీళ్లు మెల్లగా వదిలాం. ఆ కాలువను ఫలజ్ అంటారు. కొండల కింద నుంచి వచ్చే నీళ్లు, అరుపూ కేకా లేకుండా వస్తాయి. మోళ్ల మధ్యకు అవి పాకుతుంటే, వాటిలో ఖర్జూరపు మట్టల నీడలు తలకిందులుగా కదులుతుంటే, అక్క గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. నేనూ కూర్చున్నాను.

కొన్ని వారాలకు గడ్డి వచ్చింది. రావడమైతే వచ్చింది కానీ, గట్టు మీద నుంచి చూస్తే తల సరిగా దువ్వుకోనివాడి జుట్టులా ఉంది. ఒకచోట మోకాలెత్తు, పక్కనే జానెడు. ఒకచోట ముదురు పచ్చ, పక్కనే మళ్లీ ఆ పాత పసుపు. శుక్రవారం హిలాల్ వచ్చి చూసి నిట్టూర్చాడు.

"ఇంతకుముందు అంతా ఒకే రకంగా ఉండేది. ఇప్పుడు అది కూడా చెడిపోయింది" అని అక్కడే నిలబడి పశువుల బేరగాడికి ఫోన్ చేశాడు. సాయంత్రం నమాజు అయ్యాక పికప్ తీసుకొస్తానన్నాడు వాడు.

అక్క ముఖం పాలిపోయింది. "నేనే చెడగొడితి జిలానీ. సక్కగా సల్లింటే అంతా వచ్చిండేది. మామ ఆవును నేనే అమ్మిస్తి" అంది. నాకూ ఒళ్లు మండింది. చల్లమంటే ఎవరైనా గీస్తారా అని గట్టిగానే అన్నాను. ఆమె కొట్టంలోకి పోయి మబ్రూకా ఒళ్లు తోమడం మొదలుపెట్టింది, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు. అజీజా లోపల గోడ వైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం మేడ మీద నీళ్లట్యాంకు పొర్లింది. మేడ తాళంచెవి హిలాల్ దగ్గరే ఉండేది, మేమెవరం పైకి ఎక్కేవాళ్లం కాదు. హిలాల్, నేను ఇద్దరం వెళ్లాం. అతను ట్యాంకు సరిచేసి, చేతులు తుడుచుకుంటూ పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. నేనూ వెళ్లి చూశాను.

కింద మడి నిండా ముగ్గు ఉంది. లేత పసుపు నేల మీద ముదురు పచ్చ గీతలు. చుక్కల చుట్టూ తిరిగి, ఒకదాన్నొకటి దాటి, ఎక్కడా తెగకుండా మళ్లీ మొదటికి వచ్చే గీతలు. గాలి వీచినప్పుడు ముగ్గంతా ఒక పక్కకు వాలి, మళ్లీ నిలబడుతోంది. ముగ్గు ఊపిరి పీల్చుకోవడం నేను అంతకుముందు చూడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే భయం కూడా వేసింది. మన గీతలు ఎదుటివాడికి ఏమని తోస్తాయో ఎవరికి తెలుసు? ఇదేదో మంత్రమనుకుంటే అక్క గతేం కాను?

"ఇదేమిటి? ఎవరు గీశారు?" అని అడిగాడు హిలాల్, నెమ్మదిగా.

అక్కను కేకేశాను. కొట్టం ముందుకొచ్చి తలెత్తి నిలబడింది, చేతిలో బ్రష్షు. అతను అడిగింది తెలుగులో అడిగాను.

"మా వాకిట్లో పొద్దున్నే ఏసేది బాబా. ఇంట్లోవాళ్లు సల్లగుండాల అని. చెయ్యి ఊరికే ఉండక ఏసినా. తప్పయింది" అంది.

ఉన్నదున్నట్టు అరబీలో చెప్పాను. హిలాల్ మళ్లీ మడి వైపు తిరిగాడు.

"పచ్చగా ఉన్నచోట ఏం వేసింది?"

"దిబ్బలో మాగిన పేడ."

"మిగతా చోట?"

"ఏమీ లేదు అర్బాబ్. చాల్లేదు."

అతని పెదవులు కదిలాయి. వేలితో గాల్లో ఒక గీతను వెంబడిస్తూ పోయాడు, చిన్నపిల్లవాడిలా. తర్వాత కిందికి దిగి, తల్లిని లేపాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు అతను, వెనక నేను పట్టుకుని, మెట్లెక్కించాం. ఆవిడ మా ఇద్దరినీ దారి పొడవునా తిట్టింది. పిట్టగోడ దగ్గర కుర్చీ దింపగానే తిట్లు ఆగిపోయాయి.

హిలాల్ ఫోను తీసి ఫొటోలు పట్టుకుంటూ, "కొన్నాళ్లు ఇలాగే ఉంచుదాం అమ్మా" అన్నాడు.

"చూసుకోవడానికా గడ్డి పెంచింది?" అంది అజీజా. "ఆవును వదలండి."

అక్క తాడు విప్పింది. మబ్రూకా గట్టు దిగి, పసుపు గడ్డిని వాసన చూసి వదిలేసి, పచ్చ గీత మీద మూతి పెట్టింది. ఇక తల ఎత్తలేదు. గీత ఎటు తిరిగితే అటు తిరిగింది, చుక్కను చుట్టి వచ్చింది, దాటాల్సిన చోట దాటింది. ముగ్గును మొదటినుంచి నేర్చుకుంటున్నట్టు మేసుకుంటూ పోయింది. అజీజా గోడ మీదికి వంగి పేరు పెట్టి పిలిచింది. ఆవు నోట్లో గడ్డితోనే తలెత్తి చూసింది. అప్పుడు ఆవిడ దానితో మాట్లాడడం మొదలుపెట్టింది. పోయిన వారాల మాటలన్నీ పైనుంచే చెప్పేసింది.

ఎండ వాలాక గేటు బయట పికప్ హారన్ మోగింది. హిలాల్ నా వైపు చూసి, పంపేయమని తల ఊపాడు. వెళ్లాను.

"ఆవేది?" అన్నాడు బేరగాడు.

"డ్యూటీలో ఉంది, ఖాళీ లేదు" అన్నాను. వాడు నన్ను తిట్టుకుంటూ పోయాడు.

తిరిగి వచ్చేసరికి అక్క కూడా మేడ మీదే ఉంది. అజీజా పిలిపించిందట. తను వేసిన ముగ్గును అక్క అంతవరకు పైనుంచి చూడలేదు. సగమే మిగిలి ఉంది. అజీజా ఆమె మణికట్టు పట్టుకుని, ఇంకో చేత్తో ఆ మిగిలిన గీతలు చూపిస్తోంది.

"పిండి ముగ్గు చీమలు తింటాయి గదా" అంది అక్క, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "ఇది ఆవు తినేంత ముగ్గాయె."

హిలాల్ నాతో అన్నాడు, దిబ్బంతా బాగా మాగనిచ్చి, వచ్చే కోతకు మడంతా సమంగా చల్లమని. చెప్పాను. అక్క తలూపింది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"అంతా ఎరువు పడితే ముగ్గు కనపడదు గదా జిలానీ."

"కనపడదక్కా. అంతా ఒకే పచ్చగా ఉంటాది."

కింద మబ్రూకా ఇంకో మెలిక దగ్గరికి వచ్చింది. అక్క రెప్ప వేయకుండా చూస్తూ ఉంది.

"కనపడకపోతే పాయలే" అంది. "ఆవు ఉంటాది గదా."