రెండో ఇయర్‌పీస్

కామాక్షయ్య ఎవరితో ఏం మాట్లాడాలన్నా ముందు ఒక ప్రశ్న వేయాల్సిందే. "వినపడతా ఉందా?"

నెల్లూరులో ఒక టీవీ ఛానెల్‌కున్న లైవ్ వ్యానుకు డ్రైవరు, కెమెరామన్, ఇంజనీరు, వైర్లు విప్పేవాడు, మళ్లీ చుట్టేవాడు అన్నీ ఆయనే. అంతకుముందు పెళ్లిళ్లకు మైక్‌సెట్ వేసేవాడు. అవతలివాళ్లకు వినపడుతోందో లేదో కనుక్కోవడం అప్పుడూ ఇప్పుడూ ఆయన ఉద్యోగమే. చిక్కేమిటంటే ఉద్యోగం గంట కొట్టి వదిలిపెట్టినా ఆ ప్రశ్న వదిలేది కాదు. గుళ్లో పూజారి మంత్రం చదువుతుంటే మూలవిరాట్టు వైపు తిరిగి "స్వామీ, వినపడతా ఉందా?" అనేవాడు. డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించాడో లేదో "సార్, వినపడతా ఉందా?" అని అడిగాడు. పెళ్లిచూపుల్లో వెంకటశేషమ్మను అడిగిన మొట్టమొదటి మాట కూడా అదేనట.

"నాకు చెవుడని ఎవరో చెప్పినారేమోనని మా నాయన కొట్టడానికి లేచినాడు" అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

రిపోర్టరు సుభాషిణి కూడా ఇవన్నీ విని పడీ పడీ నవ్వేది, లైవ్ లేని రోజుల్లో. లైవ్ ఉందంటే మాత్రం ఆమెకు పొద్దున లేచిన దగ్గర్నుంచి నవ్వు వచ్చేది కాదు. అందుకు కారణం రెండో ఇయర్‌పీస్.

స్టూడియోలో యాంకరు అడిగేది వినడానికి చెవిలో పెట్టుకునే ఇయర్‌పీస్‌లు కామాక్షయ్య దగ్గర రెండుండేవి. ఒకటి సుభాషిణికి, రెండోది ఆమె మాట్లాడించే మనిషికి. మొదటిది ఏనాడూ పేచీ పెట్టలేదు. రెండోది సరిగ్గా యాంకరు ప్రశ్న అడిగే వేళకు మూగబోయేది. నాయుడుపేట దగ్గర వానకు ధాన్యం తడిసి మొలకలొస్తే హజరత్తయ్య అనే రైతును కెమెరా ముందు నిలబెట్టారు.

"పెద్దాయనా, వినపడతా ఉందా?" అన్నాడు కామాక్షయ్య.

"లేదు నాయనా."

"ఇప్పుడు?"

"ఊహూ."

"సరే, బాగుండాది" అని కామాక్షయ్య నిమ్మళంగా కెమెరా వెనక్కి పోయాడు.

ఏం బాగుందో సుభాషిణికి బోధపడలేదు. ప్రశ్నలన్నీ ఆమె చెవిలోనే పడ్డాయి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగమన్నది కూడా వాటిలో ఒకటి. దాన్ని గుటకేసి, ఎండబెట్టుకోవడానికి పట్టలు ఇచ్చారా అని తనే ఏదో అడిగి గండం గట్టెక్కింది. ఆ లైవ్ పొడుగునా హజరత్తయ్య బొమ్మ కింద 'సాంకేతిక లోపం' అని అక్షరాలు పరుగెడుతూనే ఉన్నాయి.

అదే ఇయర్‌పీస్ ముత్తుకూరులో మంత్రిగారికి ఖంగుమని పలికింది. "చెవిలో కూర్చుని అడుగుతున్నట్టుందయ్యా" అని మంత్రిగారు దాన్ని మెచ్చుకున్నారు. ప్రశ్నలు మొదలయ్యాక మెచ్చుకోవడం మానేశారు. ఆ రోజు సుభాషిణి తగువు పెట్టుకుంది.

"కొత్తది కొనకూడదా అన్నా?"

"దీనికేమొచ్చిందమ్మా? బంగారం."

"ఈ బంగారం ఎవరికి వినపడింది?"

"మంత్రికి వినపడినాది గదా!"

హైదరాబాదులో డెస్కు చూసే ముఖేష్‌కు ఈ వేళాకోళాలు పట్టవు. "ఇంకొక్కసారి లైవ్‌లో మనిషికి వినపడలేదన్నారంటే కామాక్షయ్య ఆ రోజే ఇంటికి. నీ సంగతి ఆ తర్వాత చూస్తా" అని సుభాషిణికి ఫోన్ చేసి చెప్పాడు. ఆమెకు తన ఉద్యోగం కంటే ముందు వెంకటశేషమ్మ గుర్తొచ్చింది. ఈ మనిషిని రోజంతా ఇంట్లో పెట్టుకుని, వినపడతా ఉందా అంటే వినపడతా ఉందని జవాబు చెప్పుకుంటూ ఆవిడ ఎలా బతకాలి? అందుకని సుభాషిణి తన డబ్బుతో కొత్త ఇయర్‌పీస్ కొని, కామాక్షయ్యకు చెప్పకుండా బ్యాగులో వేసుకుంది.

అంతలోనే వాయుగుండం వచ్చిపడింది. జువ్వలదిన్నె రేవు నుంచి వేటకు పోయిన పడవల్లో చాలావరకు తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. తెల్లవారేసరికి వ్యాను రేవులో ఉంది. ఈదురుగాలి మనిషిని నిలవనీయడం లేదు. ఆడవాళ్లు కొంగులు నడుముకు బిగించి, ఎవరితోనూ మాట్లాడకుండా సముద్రం వైపే చూస్తున్నారు. రమణయ్య అనే ముసలాయన మాత్రం తెగిన తాడు ముక్క ఒకటి చేతిలో పట్టుకుని కనిపించినవాళ్లందరికీ మొరపెట్టుకుంటున్నాడు. సుభాషిణి దగ్గరికీ వచ్చాడు.

"అమ్మా, నా పడవ కూడా..."

"ఆగు తాతా, లైవ్ ఉంది" అని ఆమె ఆయన్ను పక్కకు తప్పించింది.

మస్తానమ్మ భర్త చిన్నపోలయ్య వెళ్లిన పడవ ఇంకా రాలేదు. ఫోను కలవడం లేదు. టీవీలో చెబితే తీరం వెంబడి ఎవరైనా చూసి కబురు పంపుతారన్న ఆశతో ఆమె కెమెరా ముందుకు వచ్చింది. సుభాషిణి కొత్త ఇయర్‌పీస్ తీసి స్వయంగా ఆమె చెవిలో పెట్టి, వైరు రెండో కొసను తన నడుముకున్న చిన్న పెట్టెలో గట్టిగా దూర్చింది.

కెమెరా వెనక నుంచి కామాక్షయ్య అలవాటుగా అడిగాడు. "చెల్లెమ్మా, వినపడతా ఉందా?"

"వినపడతా ఉందన్నా. ఎవరో ఆడమనిషి మాట్లాడతా ఉండాది."

కామాక్షయ్య ముఖం మాడిపోయింది.

"సరిగా విను చెల్లెమ్మా. గాలి హోరేమో?"

"లేదన్నా, బాగా వినపడతా ఉంది."

"సుభాషిణమ్మా, ఆ వైరు ఎవరిది? ఎవరిచ్చినారు?" అంటూ ఆయన రెండడుగులు ముందుకు వేశాడు. అంతలో కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. లైవ్ మొదలైంది. కామాక్షయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. సుభాషిణి మాత్రం లోలోపల సంతోషించింది. ఆయన ఉద్యోగం నిలబెట్టింది తనేనని అనుకుంది.

"ఏ పడవలో పోయినారు అక్కా?" అని మొదలుపెట్టింది.

"పోలేరమ్మ. పడవ మీద పేరు రాసుంటాది. యాడన్నా కనపడితే కబురు చెప్పండి సామీ, మీకు దణ్ణం పెడతా" అని మస్తానమ్మ కెమెరాకు చేతులు జోడించింది.

సరిగ్గా అప్పుడే సుభాషిణి చెవిలో యాంకరు గొంతు ఆగి ముఖేష్ గొంతు వచ్చింది. ఆ గొంతు ఆమె ఒక్కదానికే వినపడేది. "పోలేరమ్మ అని పేరున్న పడవ బోర్లాపడి దొరికిందట. యాంకరు ఇప్పుడే ఆవిడకు చెబుతుంది. కెమెరా ముఖం మీదనుంచి కదిలించకండి."

మస్తానమ్మ చెవిలో యాంకరు అప్పటికే అందుకుంది. "మస్తానమ్మగారూ, మీరు గుండె దిటవు చేసుకోవాలి..."

"ఏందమ్మా?" అంది మస్తానమ్మ, ఇయర్‌పీస్‌ను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంటూ.

సుభాషిణి ఏమీ ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయి వైరు పీకేసింది. ఆ వెంటనే నోటికొచ్చిన మాట విని తనే ఉలిక్కిపడింది.

"అక్కా, వినపడతా ఉందా?"

"లేదమ్మా. ఇందాక వినపడినాది, ఇప్పుడు లేదు."

కెమెరా వెనక కామాక్షయ్య సుభాషిణి వైపు ఒక చూపు చూశాడు. మరుక్షణం ఆయన కాలు కెమెరా నుంచి వ్యానుకు పోయే అసలు వైరుకు తగిలింది. తగిలిందని ఆయన తర్వాత చెప్పాడు. చూసినవాళ్లకు తన్నినట్టే కనిపించింది. ఎర్రదీపం ఆరిపోయింది. స్టూడియోలో యాంకరు నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, సాంకేతిక కారణాల వల్ల అంతరాయానికి చింతిస్తున్నామని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఫోను మోగింది. సుభాషిణి తీసేలోపే కామాక్షయ్య లాక్కున్నాడు.

"నేనే సార్. నా కాలే తగిలినాది. పాప తప్పేమీ లేదు." కాసేపు విని, "అట్టాగే సార్" అని పెట్టేశాడు.

"ఏమన్నాడన్నా?"

"రేపటినించి రావద్దంట."

సుభాషిణికి ఏడుపొచ్చింది. ఆయన పక్కన వలల కుప్ప మీద కూలబడి, "ఆ పాతది నిజంగా చెడిపోయిందా?" అని అడిగింది. కామాక్షయ్య జేబులోంచి పాత ఇయర్‌పీస్ తీసి, తన ఫోనుకు తగిలించి ఆమె చెవిలో పెట్టాడు. వాతావరణ హెచ్చరిక ఖంగుమని వినపడింది.

"వైరు సగమే దూర్చేవాణ్ణమ్మా. మంత్రులకైతే పూర్తిగా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వు రాకముందు ఒక తల్లికి బాగా వినపడినాది. కొడుకు లేడన్న సంగతి ఆ వైరులోనే విన్నాది, ఊరంతా చూస్తా ఉండగా. వైరు వేసింది నేనే. అప్పటినించి ఎవరన్నా లేదు, వినపడలేదంటేనే నాకు ప్రాణం కుదుటపడతాది."

సుభాషిణికి ఆ క్షణంలో ఆయన మీద కలిగినంత ప్రేమ సొంత అన్న మీద కూడా ఎప్పుడూ కలగలేదు. అయినా ఆమె ఆరాటం తీరలేదు. మస్తానమ్మ అక్కడే నిలబడి సముద్రం వైపు చూస్తోంది. ఈ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి?

అంతలో తాడు ముక్క ఊపుకుంటూ రమణయ్య పరుగెత్తుకొచ్చాడు. "నా పడవ దొరికినాదంట తల్లీ! బోర్లాపడి ఉండాదంట!"

సుభాషిణి దిగ్గున లేచింది. "నీ పడవ పేరేంది తాతా?"

"పోలేరమ్మ. ఇంకేం పెడతాం? ఈ రేవులో సగం పడవలకి ఆ తల్లి పేరే గదా!"

"లోపల ఎవరున్నారు?"

"ఎవరుంటారు? రాత్రి కట్టేసిన తాడు తెంచుకుని వట్టి పడవ పోయినాదని పొద్దున్నించి మొత్తుకుంటా ఉంటే మీరు వింటేగదా!"

సుభాషిణి వెంటనే డెస్కుకు ఫోన్ చేసి అది వట్టి పడవని చెప్పింది. పక్కనే ఇంకో ఛానెల్ వాళ్లు అప్పటికే బోర్లాపడ్డ పడవతోపాటు చిన్నపోలయ్యను కూడా ముంచేసి, అంతటా గాలిస్తున్నారని చెప్పేస్తున్నారు. రమణయ్య తాడు పట్టుకుని వాళ్ల మీదికి పోయాడు.

మధ్యాహ్నానికి మస్తానమ్మ ఫోను మోగింది. గాలికి అటు దాచి ఇటు దాచి, ఒక చెవి మూసుకుని ఆమె అరుస్తోంది. "యాడ ఉండావు? ఆ? కృష్ణపట్నంలోనా? అందరూనా?"

కామాక్షయ్య ఉండబట్టలేక వ్యాను మీదినుంచి కేకేశాడు. "చెల్లెమ్మా, వినపడతా ఉందా?"

"వినపడతా ఉందన్నా! బాగా వినపడతా ఉంది!" అని మస్తానమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఆ జవాబుకు ఆయన ముఖం వెలిగిపోవడం సుభాషిణి మొదటిసారి చూసింది.

సాయంత్రం ముఖేష్ ఫోన్ చేశాడు. పొద్దున్నుంచి తప్పు చెప్పకుండా మిగిలింది తమ ఛానెల్ ఒక్కటేనని పైవాళ్లు మెచ్చుకున్నారట. ఆయన గొంతు మెత్తబడింది. "కామాక్షయ్యను రేపు రమ్మను. కానీ ఆ రెండో ఇయర్‌పీస్ మాత్రం వెంటనే మార్చండి. వింటున్నావా?"

సుభాషిణి ఫోను కాస్త దూరంగా పట్టుకుంది. "సార్? సార్? మీ మాట తెగిపోతా ఉంది సార్" అని పెట్టేసింది.

వైర్లు చుట్టుకుంటున్న కామాక్షయ్య తలెత్తకుండానే అన్నాడు.

"సరే, బాగుండాది."