మంచును ముందుకు తోసే బల్ల

మంచు ముందుగా చప్పుడును మింగుతుంది. తర్వాత కంచెను, కంచె పక్కన పొదలను, చివరికి దారిని. డిసెంబరులో ఒక పొద్దున కిటికీ తెర తీసిన కృష్ణకుమారికి నిన్నటి దాకా ఉన్న తన దారి కనిపించలేదు. గుమ్మం నుంచి రోడ్డు దాకా ఒకటే తెలుపు, తోడుకున్న పెరుగులా కదలకుండా.

"చూశావా?" అన్నాడు వెనక నుంచి భర్త రాధాకృష్ణ, నడుముకు కట్టుకున్న బెల్టు సర్దుకుంటూ. "టౌన్‌హౌస్‌లో ఉండుంటే ఈపాటికి అసోసియేషన్ వాళ్ళే వచ్చి క్లీన్ చేసి పోయేవాళ్ళు."

"ఇక్కడా క్లీన్ అవుతుంది. కాఫీ తాగండి."

"ఎవరు చేస్తారు?"

"కాఫీ తాగమన్నానా?"

షామ్‌బర్గ్ దాటి పడమరగా పోతే ఆఫీసు అద్దాల మేడలు పలచబడి, చివరికి మొక్కజొన్న చేలు మొదలవుతాయి. ఆ మొదలయ్యే చోట ఉంది వాళ్ళ ఇల్లు. రోడ్డు నుంచి ఇంటి దాకా పొడుగాటి కంకర దారి, మధ్యలో ఒక వంపు. ఇల్లు కొన్నది వేసవిలో. ఆ వంపు దగ్గర అడవి పూలు తలలూపుతుంటే రాధాకృష్ణ కూడా ముచ్చటపడ్డాడు. పోయిన చలికాలం ఆ వంపు దగ్గరే పార చేతిలో పట్టుకుని జారిపడి నడుముకు దెబ్బ తగిలించుకున్నాడు. ఫిబ్రవరి అంతా మంచం మీదే. ఇల్లు అమ్మినవాళ్ళ కాలం నుంచి మంచు తోసిపెడుతున్న కాంట్రాక్టరు కూడా, దారి మరీ పొడుగు, నా రూటుకు మరీ దూరం, వచ్చే ఏడు వేరేవాళ్ళను చూసుకోండి అని చేతులెత్తేశాడు. చూసుకోవడానికి వేరేవాళ్ళు దొరకలేదు.

అప్పుడే ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఈ చలికాలంలో ఒక్కసారి దారి మూసుకుపోయి రోజంతా ఇంట్లో చిక్కుకుపోయినా సరే, వసంతంలో ఇల్లు అమ్మకానికి పెట్టాలి. మాట రాధాకృష్ణది. "సరే" అన్నది మాత్రం కృష్ణకుమారి. అనేటప్పుడు ఆమె షెడ్డు వైపు చూసింది.

ఇల్లు పోతే ఆమెకు ఏం పోతుందో రాధాకృష్ణకు పూర్తిగా తెలియదు. పెళ్ళయిన కొత్తలో ఎచ్-ఫోర్ డిపెండెంట్ వీసా మీద పిస్కాటవేలో దిగింది. అతను ఆఫీసుకు వెళ్ళాక తలుపు మూసుకుని, ఉద్యోగం చేసే హక్కు లేని చేతులను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. తర్వాత రెడ్‌మండ్, తర్వాత షామ్‌బర్గ్. ఊరు మారినప్పుడల్లా అపార్ట్‌మెంటు మారేది. అపార్ట్‌మెంటులో గోడకు మేకు కొట్టాలంటే లీజింగ్ ఆఫీసును అడగాలి. కుళాయి కారితే ఫోన్ చేసి ఎదురు చూడాలి. మంచు పడితే ఎవరో వచ్చి తీసే దాకా కిటికీ దగ్గర నిలబడాలి. గ్రీన్ కార్డు వచ్చాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని ఉద్యోగంలో చేరింది, పేరు తెచ్చుకుంది. అయినా ఎవరినీ అడగకుండా మేకు కొట్టగలిగింది మాత్రం ఈ ఇంట్లోనే. మొదటి రోజు అవసరం లేకపోయినా మూడు గోడలకు మూడు మేకులు కొట్టింది. వాటికి ఇప్పటికీ ఏమీ వేలాడటం లేదు.

షెడ్డులో ఉన్నది ఇల్లు అమ్మినవాళ్ళు వదిలేసి పోయిన చిన్న ట్రాక్టరు. గడ్డి కోయడానికి వాడేది. ఎర్ర రంగు ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది.

ఆమె గోదావరి డెల్టాలో, దమ్ము చేసిన చేల పక్కన పుట్టింది. నాట్లకు ముందు బురదను చదును చెయ్యడానికి ట్రాక్టరు వెనక అడ్డంగా ఒక బల్ల కట్టి లాగేవాళ్ళు. బల్లకు బరువు కావాలని పిల్లల్ని దానిమీద నిలబెట్టేవాళ్ళు. తాడు పట్టుకుని, మడమల కింద బురద మెత్తగా జారిపోతుంటే, కళ్ళు మూసుకుంటే నేలే నడుస్తున్నట్టుండేది. మంచు అన్నా ఆమెకు తెల్ల బురదే. కాబట్టి శరదృతువులోనే ఒక దూలపు చెక్కను గొలుసుతో ట్రాక్టరు వెనక కట్టి సిద్ధంగా పెట్టింది. బరువుకు ఖాళీ సోనా మసూరి సంచుల్లో ఇసుక నింపి చెక్క మీద పరిచింది.

ఆ పొద్దున ట్రాక్టరు పొగ కక్కుతూ కదిలింది. మొదటి కొంత దూరం అద్భుతంగా సాగింది. వెనక్కి తిరిగి చూస్తే మంచు నునుపుగా, చదునుగా, గచ్చు వేసినట్టు మెరుస్తోంది. గుమ్మంలో నిలబడ్డ మొగుడికి ఆమె చెయ్యి ఊపింది కూడా.

వంపు దగ్గర ట్రాక్టరు ఆగిపోయింది. చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. దిగి చూసింది. మంచు ఎక్కడికీ పోలేదు. చక్రాలు ముందు దాన్ని తొక్కాయి, వెనక వచ్చిన బల్ల ఇస్త్రీ చేసింది. దారి మొత్తం గాజు పలకలా గట్టిపడి కూర్చుంది.

"దమ్ము బాగా చేశావు," అన్నాడు రాధాకృష్ణ గుమ్మంలోంచే. "నాట్లెప్పుడు?"

"మీరు నారు పట్రండి, వేసేద్దాం."

"కుమారీ, ఇంక చాలు, లోపలికి రా. ఒప్పుకోవడంలో తప్పేం లేదు."

"ఒప్పందం ఏంటి? రోజంతా చిక్కుకుపోతే అన్నారు. ఇంకా రోజు అవలేదు."

పార తీసుకుంది. గడ్డకట్టిన దాన్ని పలకలు పలకలుగా పగలగొట్టి పక్కకు విసిరింది. మధ్యాహ్నం లాగిన్ అవ్వాల్సిన మీటింగును ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని ఫోన్‌లోనే విన్నది. చీకటి పడేలోపు కారు రోడ్డెక్కింది. పాలు అవసరం లేకపోయినా కొట్టుకు వెళ్ళి పాలడబ్బా కొనుక్కొచ్చి డైనింగ్ టేబుల్ మీద టక్కున పెట్టింది.

"ఇది లెక్కలోకి రాదు," అన్నాడు రాధాకృష్ణ.

"మూసుకుపోయిందని రాదా, తెరుచుకుందని రాదా?"

అతను పాలు ఫ్రిజ్‌లో పెట్టాడు.

ఆఫీసులో ఆమె పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఇప్పుడు తన తప్పును తనే పట్టుకుంది. బురద ఉన్నచోటే ఉండాలి, అందుకే బల్ల వెనక ఉంటుంది. మంచు పోవాలి. చక్రం దాన్ని తాకకముందే పోవాలి. చిన్నప్పటి నుంచి మడమల్లో దాచుకున్న చదువు ఇక్కడ తలకిందులు. దాన్ని మరిచిపోవడం ఆమెకు ఇనుము కొయ్యడం కంటే కష్టమైంది.

బేస్‌మెంట్ మూలలో, కొత్తది పెట్టించాక పారెయ్యని పాత వాటర్ హీటర్ ఉంది. దాని పొట్ట గుండ్రం. నిలువునా కోస్తే సగం గొట్టం, మంచును పైకి చుట్టి పక్కకు దొర్లించే వంపు. ఇనుము కోసే మిషను అద్దెకు తెచ్చి గరాజు తలుపు తెరిచి పని మొదలుపెట్టింది. నిప్పురవ్వలు నీలం సాయంత్రంలోకి ఎగిరి మంచు మీద పడి చిన్న చిన్న నల్లటి చుక్కలై ఆరిపోయాయి.

"వాటర్ హీటర్‌ని కోస్తున్నావా? మతుండే చేస్తున్నావా?"

"కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి రాకండి."

ఆ సగం గొట్టాన్ని ట్రాక్టరు ముందు బల్లలా తగిలించడానికి గట్టి ఇనుప చేతులు కావాలి. పిస్కాటవే నుంచి ప్రతి ఇంటికీ మోసుకొచ్చిన పాత మంచం ఫ్రేము గుర్తొచ్చింది. పరుపు ఎప్పుడో పోయింది, ఫ్రేము మిగిలింది. విప్పి, రంధ్రాలు వేసి, బోల్టులు బిగించింది. ఎడమ చెయ్యి కాస్త పొడుగు, కుడిది కాస్త పొట్టి, మంచు ఒక పక్కకే జారేలా. గడ్డి కోసే బ్లేళ్ళ డబ్బాను కింద నుంచి విప్పేసి, ఆ కొక్కేలకే వీటిని తగిలించింది. డబ్బాను ఎత్తే లీవరుకు గొలుసు కట్టింది. లీవరు లాగితే బల్ల లేస్తుంది, వదిలితే దిగుతుంది. కంకరను గీరకుండా అంచుకు పాత టైరు ముక్క. ఇసుక సంచులు సీటు వెనక్కి మారాయి. వెనక చక్రాలకు గొలుసులు.

జనవరిలో చిన్నా చితకా మంచులు పడ్డాయి. ఒకసారి బోల్టు ఊడింది, ఒకసారి టైరు ముక్క చిరిగింది. ప్రతిసారీ ఆమె గరాజులో కూర్చుని బాగుచేసింది. ప్రతిసారీ కారు రోడ్డెక్కింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాధాకృష్ణ అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "రేపు తేజేశ్వర్ వస్తానన్నాడు."

తేజేశ్వర్ వాళ్ళ కుటుంబ స్నేహితుడు. వరంగల్ కుర్రాడు, పగలు ఐటీ ఉద్యోగం, శనాదివారాలు ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు.

"ఊరికేనా?"

"ఊరికే. చూసి, నాలుగు ఫొటోలు తీసుకుంటాడు."

"దారి మూసుకుపోలేదే ఇంకా."

"మూసుకుపోయేలోపు మార్కెట్ ఎలా ఉందో తెలుసుకుందామని." తర్వాత గొంతు తగ్గించాడు. "నీకేదన్నా అయితే నేను పార పట్టుకుని రాలేను కుమారీ. అది నీకు అర్థం కాదు."

అర్థమైంది. బయట మంచు మొదలైంది.

ఆ మంచు ఆగలేదు. తెల్లారేసరికి మెయిల్‌బాక్స్ మెడ దాకా మునిగింది. రాధాకృష్ణ కిటికీలోంచి చూసి, మొహం మీద ఏ భావమూ కనపడనియ్యకుండా ఫోను తీశాడు. "రావద్దని చెప్తాను. దారే లేదుగా."

"రమ్మనండి," అంది కృష్ణకుమారి.

"ఎలా వస్తాడు?"

"దారి మీద వస్తాడు."

"వస్తే ఇల్లు చూపించాలి. తెలుసా?"

"తెలుసు. రాలేకపోయినా ఇల్లు అమ్మాలి. అదీ తెలుసు." ఆమె చెవుల మీదికి టోపీ లాక్కుంది. "మంచు ఆపింది కాబట్టి ఇల్లు అమ్మకం ఆగిందని అనిపించుకోను. రమ్మనండి."

బల్ల కిందికి దిగింది. మంచు దాని వంపులోకి ఎక్కి, చుట్ట చుట్టుకుని, కుడి వైపుకు ఒక పొడవాటి అలలా ఒరిగింది. అల ఒరిగిన చోట కంకర, తడిగా, బూడిద రంగులో, చాలా రోజుల తర్వాత కళ్ళు తెరిచిన మనిషిలా. ఆమె దిగలేదు, చెయ్యి ఊపలేదు. ఒక వరస, వెనక్కి, ఇంకో వరస. వంపు దగ్గర గొలుసు చక్రాలు ఒక్కసారి గీరుకుని, పట్టు దొరికించుకుని ముందుకే పోయాయి.

రోడ్డు అంచున అసలైంది కాచుకుని ఉంది. రోడ్డు మీది మంచును తోసుకుంటూ పోయిన ప్రభుత్వ బండి దారి మూతికి అడ్డంగా గట్టు కట్టి పోయింది. మంచు కాదది, ముద్దలు ముద్దలుగా మంచుగడ్డ. గట్టుకు అవతల తేజేశ్వర్ కారు, లైట్లు మిణుకుమంటూ.

"వదినా!" అద్దం దించి కేకేశాడు. "ఏంది గిది? ట్రాక్టర్ నువ్వు నడుపుతున్నవా?"

"లేదు, అదే నడుస్తోంది, నేను ఊరికే కూర్చున్నా."

"గా ముందరిది ఏంది? బాయిలరా?"

"వాటర్ హీటర్. పక్కకు జరుగు."

మొదటి దెబ్బకు ట్రాక్టరే వెనక్కి ఎగిరింది. మంచం ఇనుము కిర్రుమంది. రెండోసారి కొడితే ఆ చెయ్యి విరుగుతుందని ఆమెకు తెలిసింది. లీవరు లాగి బల్లను సగం ఎత్తుకు లేపింది. గట్టు పైభాగాన్ని మాత్రం, ఒక చివర నుంచి, కేకు కోసినట్టు కొంచెం కొంచెం తోసింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ. కాస్త కిందికి దించింది. మళ్ళీ. వేళ్ళలో స్పర్శ పోయింది. తేజేశ్వర్ కారు దిగి జేబుల్లో చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. "వదినా, నేను సాయం పట్టాల్నా?" అని అడిగాడు గానీ అతని కాళ్ళకు ఉన్నవి ఆఫీసు బూట్లు.

చివరి ముద్ద పక్కకు దొర్లినప్పుడు వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. రాధాకృష్ణ. ఇంటి దగ్గర నుంచి ఇక్కడి దాకా, ఆ వంపు మీదుగా, కంకర మీద నడిచి వచ్చాడు. ఎక్కడా ఏమీ పట్టుకోలేదు. దారి మధ్యలో నిలబడి రెండు వైపులా పేరుకున్న తెల్లటి వరసలను చూశాడు.

"అన్నా, షామ్‌బర్గ్‌ల మా సబ్‌డివిజన్ రోడ్డు గూడ ఇంత సాఫ్‌గ లేదు," అన్నాడు తేజేశ్వర్ ఫోన్ కెమెరా తెరుస్తూ. "లిస్టింగ్‌ల రాస్త. ట్రాక్టర్ గూడ ఇంటితోనే ఇస్తరా?"

"ట్రాక్టరు ఇవ్వం," అంది కృష్ణకుమారి. "ఇల్లూ ఇవ్వం. ఫోన్ లోపల పెట్టుకో."

తేజేశ్వర్ రాధాకృష్ణ వైపు తిరిగాడు. "ఏమంటవ్ అన్నా?"

రాధాకృష్ణ భార్య మొహం చూశాడు. ముక్కు ఎర్రబడి, కనురెప్పల మీద తెల్లటి పొడి, తగ్గే ఉద్దేశం ఏ కోశానా లేని మొహం.

"నన్నడుగుతావేంట్రా," అన్నాడు. "నువ్వు ఎవరు తీసిన దారిన వస్తున్నావో ఆవిణ్ణే అడుగు. కాఫీ అయితే నేను పెడతాను, రా."

కారు లోపలికి కదిలింది. ఆమె వెంటనే ఇంటికి వెళ్ళలేదు. గరాజు ముందు ఇంకా మంచు మిగిలి ఉంది. వచ్చిన కారు వెనక్కి తిరగడానికి చోటు కావాలి. లీవరు వదిలింది. బల్ల దిగి, నేలను తాకి, తోసింది.