గిటారు మీద ఠక్

మా అన్న పెళ్ళి పందిట్లో జరిగిన గొడవ గురించి మీకు ఎవరైనా ఇంకో రకంగా చెప్పి ఉంటే నమ్మకండి. అది కూర చాలక వచ్చింది కాదు, వడ్డన ఆలస్యమై వచ్చిందీ కాదు. రెండు ఊళ్ళ జనం విస్తళ్ళ ముందు నుంచి లేచి అరుచుకున్నారంటే కారణం నా గిటారు. అంత గొప్ప విద్వాంసురాలిని నేను.

ఆ గిటారు నిజానికి నాది కాదు, మా మేనత్త కొడుకు దేవదానం బావది. బందరు ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉంటూ ఆదివారాలు చర్చి గుడిలో వాయించేవాడు. పై చదువుకని ఏడాది పాటు వేరే ఊరు వెళ్తూ దాన్ని మా ఇంట్లో పెట్టాడు. ఎక్కడ నొక్కాలో, ఎలా మీటాలో చూపించి, వెళ్ళే ముందు పందెం వేశాడు.

"కరుణా, మీ అన్న పెళ్ళికి వస్తాను. ఆ సినిమా ట్యూను అందరి ముందూ తప్పు లేకుండా వాయించావంటే ఇది నీదే."

"తప్పు పోతే?"

"బందరు పట్టుకుపోతాను. నీకు చాట ఉందిగా, చెరుక్కో."

ఏ సినిమానో చెప్పను. బందరులో రిక్షావాళ్ళు కూడా ఆ ట్యూను ఈల వేసేవారంటే అర్థం చేసుకోండి. మా ఊరు మొవ్వ దగ్గర. అక్కడికి ఆ సినిమా రాలేదు గానీ ట్యూను వచ్చింది. మా డేరా హాల్లో ఏ సినిమా ఆడినా సరే, ఆటకు ముందు ఆపరేటరు సుబ్బారావు గారు మైకులో ఆ రికార్డే వేసేవారు. అది వినపడితే ఊళ్ళో ఆడవాళ్ళు అన్నం వార్చేవాళ్ళు.

నాకప్పటికి అక్షరం ముక్క రాదు. మనవరాలి పక్కన కూర్చుని ఓనమాలు దిద్దింది ఈమధ్యనే. చదువు రాని మనిషికి చెవే పలక. విన్నది పొల్లు పోకుండా నిలిచిపోతుంది. నా కొంప ముంచింది అదే.

ఆ ట్యూను మధ్యలో ఒక ముక్క ఉంది. అది మళ్ళీ మళ్ళీ, మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. తర్వాత 'ఠక్' మని ఒక దెబ్బ. ఆపైన ట్యూను హాయిగా ముందుకు సాగుతుంది. ఊరందరికీ ప్రాణం ఆ ముక్కే. నేను రోజూ వసారాలో కూర్చుని దాన్నే సాధన చేశాను. కోతల్లో కొడవలి పట్టినా కాయని కాయలు వేళ్ళకు కాశాయి. అమ్మ వంటింట్లోంచి తప్పులు దిద్దేది.

"ఏమే, ఇవాళ ఒక తిప్పు తక్కువ తిప్పావు!"

పెళ్ళి రోజు రానే వచ్చింది. పెళ్ళికూతురు గుడివాడ పిల్ల. వాళ్ళవాళ్ళంతా ఇస్త్రీ బట్టల మనుషులు. భోజనాలు సగంలో ఉండగా బావ గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"కానీవే విద్వాంసురాలా!"

మొదలుపెట్టాను. గుడివాడ వాళ్ళు తలలూపారు. పెళ్ళికూతురి మేనమామ గారు కళ్ళు మూసుకుని మైమరచిపోయారు. గిటారు నాదే అనుకున్నాను. ఆ ముక్క వచ్చింది. ఒకసారి తిప్పాను. మళ్ళీ తిప్పాను. మేనమామ గారు ఒక కన్ను తెరిచారు. మళ్ళీ తిప్పాను. రెండోదీ తెరిచారు.

"అయ్యో, అమ్మాయి అక్కడ ఇరుక్కుపోయిందండీ! ఎవరన్నా కాస్త సాయం పట్టండి!"

నేను మెటికతో గిటారు పొట్ట మీద ఠక్ మని కొట్టి ముందుకు సాగిపోయాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. గుడివాడ వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

"నవ్వుతారేంటండీ? అక్కడ అంతే!" అంది అమ్మ.

"మేం సినిమా చూశామమ్మా. ఆ తిరుగుడూ లేదు, ఆ దెబ్బా లేదు," అన్నారు మేనమామ గారు.

మా పెదనాన్న విస్తరి ముందు నుంచి లేచాడు. "అయితే మీ హాలువాడు కోసేసుంటాడు. పట్నంలో మీకు ఏది పూర్తిగా చూపిస్తారు గనక!"

"మా హాలునే అంటారా?"

"మా పిల్లని మీరనలా?"

బావ చేతులెత్తి అందరినీ ఆపాడు. "కరుణా, ఇంకోసారి వాయించు."

వాయించాను. అన్నే తిప్పులు, అదే ఠక్.

"చూశారా! తప్పే అయితే రెండోసారి ఇంకోలా పోవాలిగా?" అన్నాడు పెదనాన్న.

ఆ మాటకు గుడివాడ వాళ్ళు కూడా ఆలోచనలో పడ్డారు. ఇంతలో చివరి వరసలో పెరుగన్నం కలుపుకుంటున్న ఆపరేటరు గారు ఎవరికో కనపడ్డారు. ఆయన్ని చెయ్యి కూడా కడుక్కోనివ్వకుండా మధ్యకు లాక్కొచ్చారు.

"అదీ... రికార్డు మీద గీతండీ. బంటుమిల్లి నుంచి వస్తుంటే బండిలోంచి జారి పడింది. ముల్లు అక్కడికి రాగానే వెనక్కి పోతుంది."

"మరి ఆ దెబ్బ?" అన్నాడు బావ.

"అది నేనేనండీ. పెట్టె మీద ఒకటి వేస్తే ముందుకు దూకుద్ది." నా వైపు తిరిగి మెచ్చుకోలుగా అన్నారు, "నాకన్నా నువ్వే బాగా వేశావమ్మా."

ఆ తర్వాత పందిట్లో ఎంత సేపు నవ్వారో నేను చూడలేదు. గాదె వెనక ఉన్నాను.

మర్నాడు బావ గిటారుతో బందరు బస్సెక్కాడు. నేను చాట పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను.

కోతలు మొదలవక ముందే బావ తిరిగి వచ్చాడు. చంకలో గిటారు ఉంది. మొహంలో కళ లేదు.

"తీసుకో. నాకొద్దు."

"ఏమైంది బావా?"

"మొన్న గుడిలో కీర్తన వాయిస్తున్నాను. బాగానే పోతోంది. మధ్యలో నా చెయ్యి వెనక్కి తిరిగింది. మళ్ళీ తిరిగింది. పాడేవాళ్ళంతా నాతోపాటే తిరుగుతున్నారు. బయటికి రావడానికి దారి తెలీలేదే!"

"మరెలా వచ్చారు?"

బావ నేల చూపులు చూశాడు.

"పాస్టరు గారే లేచి బల్ల మీద ఒకటి కొట్టారు."

గిటారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి, మీ అందరి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో గీత పడిన రికార్డు విని ఏ ట్యూనూ నేర్చుకోను, నేర్చుకోను, నేర్చుకోను, నేర్చుకోను...

ఠక్.

ఒట్టు.