తాళాల మావయ్య, మూడో పేజీ

మా మావయ్య తాళాలు బాగుచేస్తాడు. తలుపేసి మూడుసార్లు లాగి చూస్తేగానీ మెట్లు దిగడు.

ఆయన షాపుకి నేనే వెబ్‌సైటు చేశాను. "పేరు 'తాళాల రిపేర్' అని పెట్టు. జనం వెతికేది అదే కదా, మనదే ముందొస్తుంది" అన్నాడు.

"ఒక్క పేరుతో పనవదు మావయ్యా."

"నా చెవిలో పూలు పెట్టకు."

రోజూ పొద్దున్నే తన ఫోన్లో వెతికేవాడు. మనదే మొదట కనిపించేది. నావైపు చూసి మీసం మెలేసేవాడు.

నెల తిరిగినా కొత్త బేరం ఒక్కటీ లేదు. ఎదురు షాపువాడే ఏదో చేశాడని అనుమానపడ్డాడు. ఆఖరికి నా ఫోన్ లాక్కుని వెతికితే, మన షాపు మూడో పేజీలో తేలింది.

"రోజూ దాన్నే తెరుస్తున్నావు కాబట్టి నీ ఫోన్ నీకు అదే ముందు చూపిస్తోంది. నీ దగ్గరికొచ్చినవాళ్ళని నెట్‌లో మన షాపు గురించి నాలుగు మంచిమాటలు రాయమను, పైకొస్తుంది."

మావయ్య కస్సుమన్నాడు. "ఎవరింటి తాళం తీశానో లోకమంతా చదవాలా? ముప్పై ఏళ్ళుగా మీ అత్తకే చెప్పలేదు!"

ఒళ్ళు మండి ఫోన్ లాక్కున్నాను. కానీ రేపు నా ఇంటి తాళంచెవి పోతే, ఆ మూడో పేజీ మనిషినే పిలుస్తాను.