ప్యాసేజీతో నా పేచీ

ధ్రువపు ఎలుగుబంట్ల గురించి అడిగితే అన్నీ రైటు. టమాటా గురించి అడిగితే అన్నీ తప్పు. పీహెచ్‌డీ ఎంట్రన్సుకు ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టిన కొత్తలో నా పరిస్థితి ఇది. నేను బోటనీ పాఠాలు చెప్పే మనిషిని, వేప్పనపల్లి దగ్గర మామిడితోటలో పెరిగినదాన్ని. అలాంటిది చెట్టూ చేనూ మీద ఇచ్చిన ప్యాసేజీల్లోనే మార్కులు పోగొట్టుకుంటున్నానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఆయనకు బాగానే వచ్చింది.

నేను పనిచేసే కాలేజీ బర్గూరు వైపు. కాపురం హోసూరులో, మా ఆయన ఫ్యాక్టరీ అక్కడే కాబట్టి. రోజూ పొద్దున్నే కృష్ణగిరి బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకుంటాను. ఒకరోజు ప్రిన్సిపాల్ మేడం గదిలోకి పిలిచి సూటిగా చెప్పారు. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా పీహెచ్‌డీలో చేరితే నా పోస్టు ఉంటుంది, లేకపోతే నా చోట ఆ డిగ్రీ ఉన్నవాళ్ళు వస్తారు. నా పాఠం మీద ఏ ఫిర్యాదూ లేదని కూడా అన్నారు. ఆవిడ మంచిదే, రూలే పాడుది. అంతకు ముందు ఏడు ఎంట్రన్సులో బోటనీ భాగం సునాయాసంగా గట్టెక్కి ఇంగ్లీషు దగ్గర ఆగిపోయాను. రెండూ విడివిడిగా పాసవ్వాలి. ఈసారీ పోతే క్లాసులో నిలబడే అవకాశమే పోతుంది. పాఠం చెప్పడమంటే నాకు ప్రాణం. ఇంకేదో పని దొరక్కపోదు గానీ, దాంతో నాకు పని లేదు.

మాటల అర్థాలకు మాత్రం నేను ఏనాడూ భయపడలేదు. కోచింగు సెంటరాయన లావుపాటి పుస్తకం చేతిలో పెట్టి బట్టీ పట్టమన్నాడు. నాలుగు పేజీలు తిప్పి అటకెక్కించాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, తోటకొచ్చే కాయల వ్యాపారులతో కన్నడం. ఇలా పెరిగినవాళ్ళకు తెలియని మాట ఎదురుపడటం ఒక వింతా? ముందేమన్నారో, వెనకేమన్నారో చూసి పట్టేసేవాళ్ళం. ఒక పాత పేపరులో 'మీగర్' అన్న మాట వచ్చింది. నాకు తెలియదు. ఆ ఏడు వాన మీగర్‌గా పడింది, రైతు ఎద్దులను అమ్ముకున్నాడు అని ఉంది వాక్యం. ఇంకేం కావాలి? కొద్దిపాటి అని టిక్కు పెట్టి ముందుకు పోయాను. బస్సు శూలగిరి దాటేలోగా ఒక పేపరులో మాటల భాగం అయిపోయేది.

చిక్కంతా చదివి జవాబు చెప్పే భాగంలోనే. ఆదివారాల్లో మా ఆయన పక్కన కూర్చుని నా జవాబులు దిద్దేవాడు. టమాటా ప్యాసేజీ వచ్చింది అప్పుడే. ధర పడిపోవడానికి కారణం రైతులందరూ ఒకేసారి నాటడమని అందులో రాశారు. నేను నిల్వ చేసే చోటు లేకపోవడమని పెట్టాను.

"తప్పు" అన్నాడు.

"తప్పెట్లయితాదప్పా? కోల్డ్ స్టోరేజీ ఉంటే కాయల్ని రోడ్డు మీద యాల పారబోస్తారు?"

"నిజమేలే. మాది మదనపల్లె, నాకు తెలీదా? అయినా ఆ మాట ఈడ రాసినారా?"

"రాయలేదు. రాయాల్సింది."

"రాయాల్సింది ఏమని నిన్నెవురడిగినారమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. ప్యాసేజీ ఉన్న ఫోను సోఫా మీద పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అరకొరగా రాసినవాడి మాట రైటట, పూర్తిగా చెప్పిన నాకు సున్నా అట. ఇదెక్కడి న్యాయం?

కాసేపటికి ఆయనా వచ్చి, నా ముందున్న కొత్తిమీర కట్ట లాక్కుని ఆకులు తుంచడం మొదలుపెట్టాడు. ఆయన ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. తయారైన పీసులను కొలిచి, పాసో ఫెయిలో తేల్చడం ఆయన పని.

"పీసు చేతికొస్తే డ్రాయింగు పక్కన పెట్టుకొని కొలుస్తాము. ఒక్కోసారి ఆ డ్రాయింగే తప్పని నాకు తెలుస్తాది. అయినా పీసు డ్రాయింగు ప్రకారం ఉంటే పాసు చేయాల్సిందే. డ్రాయింగు తప్పని చెప్పేదానికి వేరే కాగితం ఉండాది. అది డిజైను వాళ్ళకు పోతాది. రెండూ కలిపితే లైను నిలిచిపోతాది."

"అయితే నన్ను నోరు మూసుకోమంటావు."

"అట్లనలేదమ్మా. ఆ కాగితం వేరే అంటాండా, అంతే."

ఆయనతో సరేనని అనలేదు. అంత తొందరగా ఒప్పుకునే రకం కాదు నేను. కానీ మర్నాడు బస్సులో ప్యాసేజీ తెరిచి, ఇది డ్రాయింగు అనుకుని చదివాను. వాదన నోటిదాకా వస్తే కిటికీ వైపు తిరిగి నాలో నేనే తిట్టుకుని, వాళ్ళు రాసిందే పెట్టాను. పక్క సీటామె అనుమానంగా చూసి కాస్త జరిగి కూర్చుంది. ఇంటికొచ్చి దిద్దుకుంటే ఒక్కటే తప్పు. ఆ రోజు నుంచి నాకు ఇంగ్లీషు మీద భయం లేదు, కోపం మాత్రం మిగిలింది.

పరీక్ష కృష్ణగిరిలోనే. మాటల భాగం ఎప్పట్లాగే చకచకా అయింది. ప్యాసేజీల్లో ఒకటి నదుల మీద, ఒకటి పక్షుల వలస మీద. చివరిది మామిడి మీద! మామిడిచెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు కాపు తగ్గించుకోవడం దాని స్వభావమనీ, రైతు చేయగలిగింది ఏమీ లేదనీ రాసుంది. మా తోటలో రోడ్డు పక్క బేనీషా మామిడిచెట్ల వరుస నా కళ్ళ ముందు నిలబడింది. దారిన పోయేవాళ్ళు రాళ్ళేసి రాలగొడతారని ఆ వరుసను అందరికంటే ముందే కోసేస్తాం. ఆ చెట్లు ఏటా కాస్తాయి. కాయ ముదిరేదాకా ఉంచే లోపలి వరుసలే ఏడు విడిచి ఏడు మొండికేస్తాయి. "కాయల్ని శానా దినాలు మోయిస్తే చెట్టు అలిసిపోతాది పాపా" అని మా నాయన అనేవాడు.

కాపు నిలకడగా రావడానికి రైతు ఏం చేయగలడని ప్రశ్న. 'ముందుగా కోయడం' అన్న జవాబు కూడా ఎదురుగా ఉంది. పెన్ను దాని మీదికే పోయింది. ఇంకోటి పెడితే మా నాయన మాట అబద్ధమని నా చేత్తో నేనే రాసినట్టు. అయినా ఇది డ్రాయింగు అనుకుని 'ఏమీ చేయలేడు' పక్కన గుండ్రం నింపాను. కోపానికి పెన్ను మొన కాగితంలో దిగింది.

రెండు భాగాలూ పాసయ్యాను. మిగిలింది ఇంటర్వ్యూ. బల్లకు అవతల ముగ్గురు ప్రొఫెసర్లు. ఎవరికీ అభ్యంతరం ఉండని అంశం ఒకటి, మందు మొక్కల ఆకుల మీద, రాసుకుని ఫైల్లో పెట్టుకుని వెళ్ళాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఏం పరిశోధన చేయాలనుకుంటున్నావని ఇంగ్లీషులో అడిగారు. నేను ఫైలు తెరవలేదు.

"మీ ఎంట్రన్సు పేపరులో మామిడి మీద ఒక ప్యాసేజీ ఇచ్చారు సార్. అది తప్పని నా నమ్మకం. దాన్నే తేల్చాలని ఉంది" అన్నాను, ఇంగ్లీషులోనే, తడబడకుండా.

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. "మరి పరీక్షలో ఏ జవాబు పెట్టావు?"

"ప్యాసేజీలో ఉన్నదే పెట్టాను సార్. అక్కడ నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు మీరడిగారు."

చివర కూర్చున్న ప్రొఫెసరమ్మ నా దరఖాస్తు తన వైపు లాక్కుని, గైడు అని ఉన్న చోట తన పేరు రాసింది. తర్వాత తలెత్తి, నీకా నమ్మకం ఎలా కలిగిందో చెప్పమంది. రోడ్డు పక్క వరుస దగ్గర మొదలుపెట్టాను.

బయటికొచ్చి మా ఆయనకు ఫోను చేశాను. వెనక మిషన్ల రొద.

"ఏమైందమ్మా?"

"ఆ వేరే కాగితం ఇచ్చేసినానప్పా."

"తీసుకున్నారా?"

"తీసుకున్నారు."